విశాఖలో ఎక్కడ దిగాలి, ఏం చూడాలి?

ప్రశ్న: ఈ డిసెంబరుకు అమ్మానాన్నల పెళ్లయి నలభై ఏళ్లు. మూడు రోజులు విశాఖలో, అదీ మంచి హోటల్లోనే ఉంచాలని తమ్ముడూ నేనూ అనుకున్నాం. అమ్మకు మోకాళ్ల నొప్పులు. నాన్నకు చరిత్ర అంటే ఇష్టం. ఎవరిని అడిగినా కైలాసగిరి, అరకు అంటున్నారు. ఆ ఊరివారిగా మీరైతే మీ అమ్మానాన్నలను ఎక్కడ దింపుతారు, ఏం చూపిస్తారు?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: ముందుగా పెద్దవాళ్లిద్దరికీ నా నమస్కారాలు చెప్పమ్మా. మా ఊరికి వచ్చేవాళ్లు చాలామంది చేసే పని ఒకటుంది. వేలకు వేలు పోసి సముద్రం కనిపించే గది తీసుకుంటారు, తెల్లవారకముందే అరకు రైలుకని పరుగెత్తుతారు. విశాఖలో సూర్యుడు సముద్రం మీది నుంచి వస్తాడు, కొండల వెనక్కి పోతాడు. డిసెంబరులో సాయంత్రం ఐదున్నరకల్లా పొద్దు గూకుతుంది. ఆ తరువాత ఆ ఖరీదైన కిటికీలోంచి చూస్తే చీకటి, దూరాన రేవు బయట ఆగిన ఓడల దీపాలు, అంతే. ఆ గదికి పెట్టిన డబ్బంతా ఉదయం ఆరు నుంచి ఎనిమిది మధ్యే చేతికొస్తుంది.

అందుకని మొదటి రెండు రాత్రులు బీచ్ రోడ్డులో ఉంచండి, ఆ రెండు ఉదయాలూ ఎనిమిదింటిదాకా ఏ పనీ పెట్టకండి. నోవాటెల్ అయితే ఎదురుగానే సముద్రం. ద పార్క్ అయితే తోటలోంచి నేరుగా ఇసుకలోకి దిగవచ్చు, మోకాళ్ల నొప్పులున్న మనిషికి రోడ్డు దాటే బాధ ఉండదు. నేనైతే మా అమ్మను అక్కడే ఉంచుతాను. రుషికొండ వైపు కొత్తగా వచ్చిన పెద్ద హోటళ్లు బాగానే ఉంటాయి కానీ పెద్దవాళ్లకు ఊరు దూరమైపోతుంది, మందుల షాపుకు వెళ్లాలన్నా కారు పిలవాలి.

తెల్లవారుజామున బీచ్ రోడ్డులో కొంత మేర వాహనాలను ఆపి, నడిచేవాళ్లకు వదిలేస్తారు. అప్పుడు చూడాలి మా ఊరిని. స్వెట్టర్లు వేసుకున్న పెద్దమనుషులు రోడ్డు మధ్యలో నడుస్తూ రాజకీయాలు మాట్లాడుకుంటారు, పిల్లలు స్కేటింగ్ చేస్తారు, ఇసుకలో జాలర్లు నలుగురైదుగురు వల తాడు పట్టి లాగుతుంటారు. అమ్మకు నడక కష్టమైతే పిట్టగోడ మీద కూర్చోబెట్టండి. చూడవలసినవన్నీ ఆమె ముందుకే వస్తాయి.

నాన్నగారిని కుర్సురా జలాంతర్గామిలోకి తప్పకుండా తీసుకెళ్లండి. 1969లో నౌకాదళంలో చేరి, 1971 యుద్ధంలో పాల్గొని, 2001లో సేవ ముగించిన నౌక అది. మరుసటి ఏడాదే మ్యూజియం అయింది. లోపల వివరించేది నౌకాదళంలో పనిచేసి రిటైరైనవాళ్లే. పడకలు ఎంత ఇరుకో, వంట ఎక్కడ చేసుకునేవారో, టార్పెడోలు ఎలా వదిలేవారో వాళ్లు చెబుతుంటే వినాలి. అమ్మకు మాత్రం వద్దు. మెట్లెక్కాలి, వంగి నడవాలి. ఎదురుగా రోడ్డుకు అవతల టీయూ-142 విమానం ఉంది. ఆమె దాన్ని బయటి నుంచి చూస్తూ మురీ మిక్చర్ తింటుంది. మరమరాల్లో టమాటా, ఉల్లిపాయ, వేరుశనగ, నిమ్మరసం కలిపి పొట్లం కట్టి ఇస్తారు. కారం తగ్గించమని ముందే చెప్పాలి.

ఎవరూ చెప్పని చోటు ఒకటి చెబుతాను. పాతనగరం. హార్బరు ఒడ్డున పక్కపక్కనే మూడు కొండలు. ఒకదాని మీద మేరీమాత చర్చి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వేంకటేశ్వరస్వామి గుడి. చర్చి ఉన్న రాస్ కొండకు కారులో వెళ్లవచ్చు. అక్కడ నిలబడితే ఎదురుగా డాల్ఫిన్స్ నోస్ కొండ, మధ్యలో సన్నటి నీటి దారి. లోపలి రేవులోకి ఓడలు రావాలన్నా పోవాలన్నా అదే దోవ. 1933లో ఆ రేవు తెరిచినప్పటి నుంచీ అంతే. మీ అదృష్టం బాగుండి ఓ పెద్ద సరుకు ఓడ అప్పుడే వచ్చిందనుకోండి, ముందొక టగ్గు (ఓడను లాగే చిన్న పడవ), వెనకొకటి, అడుగడుగూ కొలుచుకుంటూ ఆ ఇరుకులోంచి లోపలికి జరుగుతుంది. దాని డెక్కు మీద మనుషులు చెయ్యెత్తితే కనబడేంత దగ్గర. నా మటుకు విశాఖలో ఇంతకంటే మంచి దృశ్యం లేదు. కైలాసగిరి మీద రోప్‌వే ఉంది, శివపార్వతులున్నారు, వెళ్లండి. అయితే ముందు ఇక్కడికి రండి.

రెండో రోజు భీమిలి రోడ్డు. తొట్లకొండ మీదికి కారు వెళుతుంది. 1976లో నౌకాదళం హెలిప్యాడ్ కోసం స్థలం వెతుకుతుంటే బయటపడిన బౌద్ధ ఆరామం అది. బౌద్ధ భిక్షువులు ఎంచుకున్న చోటు కదా, గాలీ నీడా సముద్రమూ అన్నీ అమరాయి. ఎర్రమట్టి దిబ్బలు దారిలోనే కనిపిస్తాయి, ఇసుకలో నడక కాబట్టి అమ్మ కారులోంచి చూస్తే చాలు. భీమిలిలో డచ్చివారి సమాధులు, గంటస్తంభం, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు నాన్నగారికి నచ్చుతాయి. భీమిలి 1861లోనే మున్సిపాలిటీ అయింది. ఇప్పటికీ అక్కడి వీధులు ఎవరినీ తొందరపెట్టవు.

మూడో రోజు ఎనిమిది దాటాక సింహాద్రి అప్పన్న దర్శనం. పెళ్లిరోజు అదే అయితే మరీ మంచిది. స్వామి ఏడాది పొడుగునా చందనంలోనే ఉంటాడు, నిజరూపం అక్షయ తృతీయనాడు ఒక్కరోజే. శ్రీకృష్ణదేవరాయలు 1516లో వచ్చి కానుకలిచ్చినట్టు గుడిలో శాసనం ఉంది, నాన్నగారికి చూపించండి. కౌగిలించుకుంటే కోరికలు తీరతాయని భక్తులు నమ్మే కప్పస్తంభం ఆ గుడిలోనే ఉంది, అమ్మ దాన్ని కౌగిలించుకోకుండా కదలదని నా నమ్మకం.

అరకు ఈ మూడు రోజుల్లో ఇరికించకండి. తప్పదంటే నాలుగో రోజు కలుపుకోండి. ముందురోజు రాత్రికి బీచ్ రోడ్డు గది ఖాళీ చేసి డాబాగార్డెన్స్‌లోని డాల్ఫిన్‌కో, జగదాంబ దగ్గర దసపల్లాకో మారండి. రైల్వేస్టేషన్ దగ్గర, కిరండూల్ రైలు ఏడింటిలోపే కదులుతుంది. రెండూ ఊరివాళ్లు తమ బంధువులను దించే పాత హోటళ్లు. తిరుగు ప్రయాణంలో మాడుగుల హల్వా మరచిపోకండి. గోధుమలు నానబెట్టి, రుబ్బి, పాలు తీసి, పులియనిచ్చి, నెయ్యి పోస్తూ గంటల తరబడి కలిపి చేస్తారు. వారం రోజులైనా నిలుస్తుంది.

ప్రశ్న: మే సెలవుల్లో పిల్లలతో వస్తున్నాం. ఫిషింగ్ హార్బరులో తెల్లవారుజామున చేపల వేలం చూడాలని, సముద్రంలో స్నానం చేయాలని పిల్లల కోరిక.
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: మే నెలలో ఆ వేలం సందడి ఉండదండీ. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మరపడవల వేటను నిషేధిస్తారు. బోట్లన్నీ వరసగా కట్టేసి ఉంటాయి, రంగులు వేస్తుంటారు, వలలకు మరమ్మతు చేస్తుంటారు. అది చూపించినా పిల్లలకు మంచిదే. వంజరం, చందువ నోరూరా తినాలంటే చలికాలంలో మళ్లీ రండి.

స్నానం విషయంలో నా మాట కచ్చితంగా వినండి. ఆర్కే బీచ్‌లో మోకాళ్లు దాటి దిగకండి, యారాడలో అసలే వద్దు. పైకి ప్రశాంతంగా కనిపిస్తూనే అడుగున లాగే నీళ్లు అవి. ప్రతి ఏడూ ఎవరో ఒకరి పిల్లలు పోతున్నారు. రుషికొండలో కాపలా సిబ్బంది ఉన్నంతసేపు, వాళ్లు చూపించిన హద్దులోపలే దిగండి. ఎర్ర జెండా ఉంటే ఒడ్డునే ఉండండి. పిల్లలను జంతుప్రదర్శనశాలకు కూడా తీసుకెళ్లండి, కంబాలకొండ అడవిని ఆనుకుని పెద్ద చెట్ల నీడలో ఉంటుంది. సోమవారం మాత్రం పెట్టుకోకండి, దానికీ కుర్సురాకూ ఆ రోజే సెలవు.