లీజులో ‘పెప్పర్‌కార్న్’ అని ఉంటే

తమ్ముడూ, కంగారు పడకు. ఇక్కడ ఇంగ్లండ్‌లో ఫ్లాట్ కొంటే మామూలుగా చేతికొచ్చేది ఎన్నో ఏళ్ల లీజే. నువ్వు కొనే ఫ్లాట్ లీజులో గ్రౌండ్ రెంట్ (భూమి యజమానికి కట్టే అద్దె) దగ్గర ‘ఒక పెప్పర్‌కార్న్, అడిగితేనే’ అని ఉందంటే అది అచ్చుతప్పు కాదు, మోసమూ కాదు. పెప్పర్‌కార్న్ అంటే మిరియపు గింజ. కార్న్ అనగానే మనకి మొక్కజొన్న గుర్తొస్తుంది కానీ పాత ఇంగ్లీషులో ఏ గింజనైనా కార్న్ అనేవాళ్లు, గోధుమైనా, బార్లీ అయినా. ఇక్కడి షాపుల్లో దొరికే కార్న్‌డ్ బీఫ్‌లో కూడా మొక్కజొన్న ఉండదు, ఆ కార్న్ ఉప్పుగల్లు.

మన మలబారు మిరియాలు ఒకప్పుడు ఇంగ్లండ్‌లో చాలా ఖరీదు, భూమి అద్దెని మిరియాల రూపంలో కట్టిన రోజులున్నాయి. తర్వాత తర్వాత ఒక్క గింజ అనేది నామమాత్రపు అద్దెకి పేరైపోయింది. ఇంగ్లీషు చట్టం ప్రకారం ఒప్పందం చెల్లాలంటే ఇచ్చినదానికి బదులుగా ఏదో ఒకటి రావాలి, అది మిరియపు గింజైనా చాలు. అట్లాంటిక్‌లోని బ్రిటిష్ దీవి బెర్ముడాలో పాత స్టేట్ హౌస్ అనే భవనానికి అక్కడి ఫ్రీమేసన్ల సంఘం ఇప్పటికీ ఏటా నిజంగానే ఒక మిరియపు గింజ అద్దె కడుతుంది, అదో పెద్ద వేడుక. నిన్ను మాత్రం ఎవరూ అడగరులే.

2022 జూన్ 30 నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లో రాసే ఇళ్ల కొత్త లీజులు దాదాపు అన్నింట్లో గ్రౌండ్ రెంట్ ఇలా పెప్పర్‌కార్నే ఉండాలని చట్టం వచ్చింది. మినహాయింపులు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉన్నాయి, చూసుకో. పాత లీజులకి మాత్రం పాత గ్రౌండ్ రెంటే, కొన్నింట్లో అది పదేళ్లకోసారి రెట్టింపయ్యేది.

అసలు భయపడాల్సింది వేరే ఉంది. నేను మొదటి ఫ్లాట్ కొన్నప్పుడు ఈ మాట అర్థం తెలుసుకుని తెగ సంతోషపడ్డాను, అద్దె లేదు కదా అని సర్వీస్ చార్జి (బిల్డింగ్ నిర్వహణకి ఫ్లాట్ల వాళ్లంతా కట్టే వాటా) గురించి గట్టిగా అడగనే లేదు. సొలిసిటర్ (కొనుగోలు కాగితాలు చూసే లాయరు) పంపిన కాగితాలు రాత్రి షిఫ్టు నుంచి వచ్చి పైపైన తిరగేసి సంతకం పెట్టేశాను. కొన్ని నెలలకే బిల్డింగ్ పైకప్పు మరమ్మతు అని బిల్లు వచ్చింది, ఆ వెనకే లిఫ్టుది. ఇంటికి డబ్బు పంపడం ఆగిపోయింది, నాన్నగారికి ఏం చెప్పాలో తెలియక ఫోన్ చెయ్యడం కూడా తగ్గించాను. అయినా ఎవరి దగ్గరా చెయ్యి చాచలేదు, శనాదివారాలు కూడా పనిచేసి మొత్తం కట్టేశాను. ఇప్పుడొచ్చే పిల్లలకి జీతాలు బాగానే ఉన్నాయి కానీ కాగితం చదివే ఓపిక లేదు, అదే నా బాధ.

కాబట్టి కాంట్రాక్టులు ఎక్స్చేంజ్ కాకముందే, అంటే డిపాజిట్ పోకుండా వెనక్కి తగ్గే వీలున్నప్పుడే, గత మూడేళ్ల సర్వీస్ చార్జి లెక్కలు, పెద్ద మరమ్మతుల కోసం ముందే కూడబెట్టే రిజర్వ్ ఫండ్‌లో ఎంత ఉంది, రాబోయే పెద్ద మరమ్మతులేంటి అన్నవి సొలిసిటర్ చేత రాతపూర్వకంగా తెప్పించుకో. సమాధానం రాకపోతే మళ్లీ అడుగు. ఏజెంట్ తొందరపెడితే పెట్టనీ.