కంటైనర్ కొనబోయే మేనల్లుడికి

చిరంజీవి చిన్నాకి, మామయ్య ఆశీస్సులు.

రొయ్యల చెరువు గట్టు మీద మేత బస్తాలు దాచడానికి, ఓడల్లో సరుకు మోసే పాత ఇరవై అడుగుల ఇనుప కంటైనర్ చూశానని, అమ్మేవాడు ‘ఎ’ గ్రేడ్ అన్నాడని ఫోన్లో చెప్పావు. ఇరవై రెండేళ్లు విశాఖ కంటైనర్ యార్డుల్లో వాటి బాగోగులు పరీక్షించే సర్వేయర్‌గా తిరిగినవాణ్ణి, రాయకుండా ఉండలేకపోయాను.

ఎ, బి, సి అనే గ్రేడ్లకి అందరూ ఒప్పుకున్న కొలత అంటూ లేదు. ఒక యార్డులో ‘ఎ’ అన్నది పక్క యార్డులో ‘బి’ అవుతుంది. గ్రేడు వదిలేసి ఈ నాలుగు మాటల్లో ఏదో అడుగు. ఫ్యాక్టరీ నుంచి సరుకుతో ఒక్కసారే ఓడెక్కింది వన్ ట్రిప్. మళ్లీ ఓడెక్కించొచ్చని సర్వేయర్ తేల్చింది కార్గో వర్తీ. గాలీ వానా లోపలికి రావు గానీ ఓడ ప్రయాణానికి పూచీ లేనిది విండ్ అండ్ వాటర్ టైట్. యాజ్ ఈజ్ అంటే ఎలా ఉంటే అలా పట్టుకుపోవడమే, దాని జోలికి వెళ్లకు. నీ పనికి మూడోది చాలు. ఆ మాట బిల్లు మీద రాయించు.

నేను యార్డులో చేరిన కొత్తలో మా కొబ్బరితోటకి ఒకటి కొన్నాను. నిగనిగలాడే కొత్త నీలం రంగు చూసి పైకప్పు ఎక్కలేదు. క్రేన్ తగిలి పడిన సొట్టలో నీళ్లు నిలిచి, రంగు కింద రేకుని తుప్పు తినేసింది. మొదటి వానకే మూల పేర్చిన యూరియా బస్తాలు కరిగి, నేలంతా తెల్లటి నీళ్లు. అందుకే చెబుతున్నా, నిచ్చెన వేసుకుని పైకెక్కి చూడు.

తర్వాత మిట్టమధ్యాహ్నం లోపలికి వెళ్లి బయట నుంచి తలుపులు మూయించుకో. కళ్లు చీకటికి అలవాటు పడేదాకా కదలకు. ఎక్కడ వెలుతురు చుక్క కనబడితే అక్కడ చిల్లు. తలుపుల రబ్బరు చుట్టూ కూడా చూడు. తలుపు బిగుసుకుపోతే వెంటనే వద్దనకు, నేల ఎగుడుదిగుడుగా ఉన్నా అలాగే అవుతుంది. చదునైన చోట పెట్టించి మళ్లీ మూసి చూడు. అప్పుడూ పట్టేస్తే ఫ్రేము వంగినట్టే, వదిలెయ్.

తుప్పు చూసి భయపడకు. ఇది కార్టెన్ స్టీలు, అంటే పైపొర తుప్పే లోపలి రేకుని కాపాడే రకం ఉక్కు, పైన ఎర్రగా ఉండటం మామూలే. చిన్న సుత్తితో కొట్టు. పొరలు పొరలుగా రాలితే రేకు పలచబడింది. అడుగున అడ్డదూలాలు మరీ ముఖ్యం, మీ ఉప్పునేల వాటినే ముందు తింటుంది. నాలుగు మూలలా కాంక్రీటు దిమ్మెల మీద ఎత్తి పెట్టు.

తలుపు మీద సీఎస్‌సీ ప్లేట్, అంటే ఓడ ప్రయాణానికి భద్రమని బిగించే లోహపు పలక, చదువు. తయారైన నెల, సంవత్సరం అందులోనే ఉంటాయి. నేలచెక్కకి ఏ పురుగుమందు పట్టించారో కూడా రాసి ఉంటుంది. 28 మిల్లీమీటర్ల ఆ ప్లైవుడ్ మీద మేత బస్తాలు నేరుగా పెట్టకు, చెక్క ప్యాలెట్ల మీద పేర్చు. లోపల ఘాటు వాసన వస్తే అంతకుముందు ఏ సరుకు మోసిందో అడుగు.

ఇంకొకటి, చాలామంది మరిచిపోయేది. విదేశీ కంటైనర్లు ఆరు నెలల్లో తిరిగి పంపేస్తామన్న షరతు మీద సుంకం లేకుండా మన రేవులకి వస్తాయి. ఇక్కడే అమ్మాలంటే కస్టమ్స్ సుంకం కట్టాలి. ఆ కాగితం, జీఎస్టీ బిల్లు రెండూ చూపించమను. రెండింట్లోనూ కంటైనర్ మీదున్న నంబరే ఉండాలి, నాలుగు అక్షరాలు, ఏడు అంకెలు. డబ్బు కట్టకముందే ఆ నంబరూ, పైకప్పు ఫోటోలూ నాకు పంపు.

మీ మామయ్య