పాత కాగితంలో ఫసలీ, హాలీ, పుట్టి

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా. మా ఇంట్లో ఒక పాత జీతం కాగితం దొరికింది. అందులో ‘4 ఖుర్దాద్ 1340 ఫసలీ, సాలుకు వడ్లు 2 పుట్లు, రొక్కం 21 రూపాయలు హాలీ’ అని ఉంది. ఇది ఏ సంవత్సరానిది? జీతగాడికి ముట్టింది ఎంత?

జవాబు: మీ కాగితం 1931 ఏప్రిల్ నాటిది. ఫసలీ అంటే శిస్తు లెక్కల కోసం వాడిన ఏడాది. నిజాం రాజ్యంలో అది అజూర్ నెలతో, అక్టోబరు మొదటి వారంలో మొదలయ్యేది. అందుకే ఇంగ్లీషు ఏడాది రావాలంటే ఫసలీ అంకెకు డిసెంబరు దాకా 590, జనవరి నుంచి 591 కలపాలి. ఖుర్దాద్ నెల ఏప్రిల్‌లో వస్తుంది. 1340ని హిజ్రీ, అంటే ముస్లింల చాంద్రమాన ఏడాది, అనుకుంటే మాత్రం 1921-22 వస్తుంది, తొమ్మిదేళ్లు వెనక్కి పోతారు. ఆనాటి కాగితాల్లో రెండు లెక్కలూ కనిపిస్తాయి కాబట్టి అంకె పక్కన ఏముందో ముందు చూడండి. తెలుగు సంవత్సరం పేరు కూడా రాసి ఉంటే ప్రజోత్పత్తి అని ఉండాలి.

హాలీ అంటే నిజాం సిక్కా, ఆ రాజ్యపు రూపాయి. ఇంగ్లీషువారి రూపాయిని కల్దారు అనేవారు. 7 హాలీలకు 6 కల్దార్లు సుమారు మారకం. మీ 21 హాలీలు 18 కల్దార్లు.

తొందరపడకూడనిది వడ్ల దగ్గరే. పుట్టికి 20 తూములు, తూముకు 4 కుంచాలు. అంటే 2 పుట్లు 160 కుంచాలు. ఇంతవరకు లెక్క సులువే. కానీ కుంచం ఊరూరికీ మారేది, ఒక్కో ఊళ్లో ఇచ్చే కుంచం వేరు, పుచ్చుకునే కుంచం వేరు. పుస్తకంలోని కిలోల పట్టిక చూసి గుణించేస్తే జీతగాడి కూలి తప్పుగా తేలుతుంది. మీ ఊళ్లో పాత కుంచం ఎవరింట్లోనైనా ఉందేమో అడగండి. దాని నిండా ఎండిన వడ్లు పోసి, అంచుకు సమంగా కొట్టి ఒకసారి, పైన రాశిగా నిలిపి ఒకసారి తూచండి. రెండు తూకాలూ రాసుకోండి, ఏ కొలత వాడేవారో పెద్దలను అడగండి. బియ్యంతో తూచొద్దు, అదే కుంచంలో బియ్యం బరువెక్కువ తూగుతుంది.

ఈ వడ్లలోంచే పాత అప్పు తాలూకు నాగు, అంటే వడ్డీ గింజలు, కోసుకునే ఇళ్లుండేవి. కాగితం వెనకవైపు చిన్న అంకెలుంటే వాటిని వదలకండి. ముట్టిన జీతం తేలేది అక్కడే.

ప్రశ్న: మాది పశ్చిమ గోదావరి. మా దస్తావేజులోనూ 1340 ఫసలీ అనే ఉంది. ఇదే లెక్కా?

జవాబు: కాదు. మీ ప్రాంతం అప్పట్లో ఇంగ్లీషువారి మద్రాసు రాజధాని (ప్రెసిడెన్సీ) కింద ఉండేది, అక్కడ ఫసలీ జూలై 1న మొదలయ్యేది. మీ 1340 అంటే 1930 జూలై నుంచి 1931 జూన్ దాకా. జూలై, ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో రెండు ప్రాంతాల ఫసలీకీ ఒక ఏడాది తేడా వస్తుంది. భూమి కొలతలోనూ జాగ్రత్త: మీ దగ్గర ఎకరానికి 100 సెంట్లు, తెలంగాణలో 40 గుంటలు.