తమ్ముడు మయన్మార్‌లో చిక్కుకున్నాడు, కోర్టుకు పోతే ప్రభుత్వం తెచ్చిస్తుందా?

ప్రశ్న: వకీలు గారికి నమస్కారం. మాది వరంగల్ జిల్లా, నర్సంపేట దగ్గర ఊరు. మా తమ్ముడు డిగ్రీ చేసి ఖాళీగా ఉంటే, కరీంనగర్‌లో ఒక ఏజెంటు థాయిలాండ్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగం ఉందని రెండు లక్షలు తీసుకొని పంపించాడు. బ్యాంకాక్‌లో దిగినంక కారులో ఎక్కించుకొని పోయి, రాత్రిపూట నది దాటించారట. ఇప్పుడు మయన్మార్‌లో మ్యావడీ అనే చోట ఉన్నాడు. ఆన్‌లైన్ మోసాలు చేయిస్తున్నారు, టార్గెట్ కాకుంటే కొడుతున్నారు. వదలాలంటే ఐదు లక్షలు కట్టాలంటున్నారు. స్టేషన్‌కు పోతే "ఇది ఫారిన్ మ్యాటర్, మా చేతిలో లేదు" అన్నారు. టీవీలో చూస్తే విదేశాంగ శాఖ ఆ దేశాలతో మాట్లాడుతున్నామని చెప్తోంది. ఆ మాటకు చట్టంలో విలువ ఉందా? హైకోర్టుకు పోతే తెచ్చి తీరాల్సిందేనా? వచ్చాక మా తమ్ముణ్నే అరెస్టు చేస్తారని కొందరు భయపెడుతున్నారు. అమ్మ సరిగ్గా అన్నం తినడం లేదు. దారి చూపండి.
(పేరు రాయొద్దన్న పాఠకురాలు)

జవాబు: అమ్మా, స్టేషన్‌లో మీకు చెప్పిన మాట తప్పు. ముందు అది సరిచేసుకుందాం, ఎందుకంటే మిగతాదంతా దాని మీదే ఆధారపడి ఉంది.

మీ తమ్ముణ్ని నది దాటించింది వేరే దేశంలో కావచ్చు. కానీ అబద్ధం చెప్పింది, డబ్బు తీసుకుంది, టికెట్ చేతిలో పెట్టింది కరీంనగర్‌లో. నేరం మొదలైంది ఇక్కడే కాబట్టి కేసు ఇక్కడే కట్టాలి. పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్ ప్రకారం మోసంతోనో ఆశ చూపించో ఒక మనిషిని దోపిడీ కోసం తరలిస్తే అది మనుషుల అక్రమ రవాణా. శిక్ష ఏడేళ్లకు తగ్గదు, పదేళ్ల దాకా పడొచ్చు. "మీవాడు ఇష్టపడే పోయాడు కదా" అని ఎవరైనా అంటే, బాధితుడి సమ్మతితో సంబంధం లేదని ఆ సెక్షన్ వివరణలోనే రాసి ఉందని చెప్పండి. దీంతోపాటు మోసానికి 318వ సెక్షన్ ఉంది. ఏజెంటుకు కేంద్రం ఇచ్చే రిజిస్ట్రేషన్ లేకపోతే 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కూడా వర్తిస్తుంది. ఆ చట్టం గల్ఫ్‌కు పోయే కూలీలకే అనుకుంటారు చాలామంది. ఆఫీస్ అసిస్టెంట్, టైపిస్ట్ పనులు కూడా అందులో ఉన్నాయి. అయితే దాని కింద శిక్ష రెండేళ్లు, జరిమానా రెండు వేలు మించదు. లక్షలు వసూలు చేసేవాణ్ని రెండు వేల జరిమానా ఏం ఆపుతుంది? అందుకే 143 పెట్టించాలని పట్టుబట్టండి. ఎమిగ్రేషన్ చట్టం కింద కేసు నడవాలంటే మామూలుగా కేంద్రం అనుమతి కావాలి. బాధితుడి తరఫున తల్లి, తండ్రి, అక్క, అన్న లాంటివాళ్లు ఫిర్యాదు చేస్తే ఆ అనుమతి అక్కర్లేదని 27వ సెక్షన్ చెప్తోంది. కాబట్టి ఫిర్యాదు మీ పేరు మీదో, అమ్మ పేరు మీదో ఇవ్వండి.

నేరం వేరే చోట జరిగినా ఏ స్టేషన్‌లోనైనా కట్టే జీరో ఎఫ్ఐఆర్‌ను మీ స్టేషన్‌లోనే కట్టించుకోవచ్చు, వాళ్లే కరీంనగర్‌కు పంపుతారు. తీసుకోకపోతే అదే ఫిర్యాదును పోలీస్ కమిషనరేట్‌లో పై అధికారికి రిజిస్టర్డ్ పోస్టులో పంపి, ఆ రసీదుతో మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లొచ్చు.

ఎఫ్ఐఆర్ గురించి ఇంత చెప్పడానికి కారణం ఉంది. రేపు మన ఎంబసీ థాయ్ అధికారులకు మీ తమ్ముడి గురించి రాయాలంటే, అతను అక్రమంగా సరిహద్దు దాటినవాడు కాదని, అమ్ముడుపోయిన బాధితుడని చూపించే కాగితం కావాలి. ఇక్కడ కట్టిన ఎఫ్ఐఆర్ కాపీయే ఆ కాగితం. ఫిర్యాదులో పాస్‌పోర్టు నంబరు, విమానం నంబరు, వెళ్లిన తేదీ, ఏజెంటు ఫోన్ నంబర్లు, ఫోన్‌పే రసీదులు రాయండి. తమ్ముడు వాట్సాప్‌లో లొకేషన్ పంపి ఉంటే స్క్రీన్‌షాట్ జత చేయండి. భవనం ఫొటో, గేటు మీద కనిపించిన అక్షరాలు, పక్కనున్న మనవాళ్ల పేర్లు, ఏది ఉంటే అది పెట్టండి. అక్కడ ఒకే పేరు చుట్టూ పదుల భవనాలుంటాయి. "మ్యావడీలో ఉన్నాడు" అని మాత్రమే రాస్తే ఎంబసీ వాళ్లు ఎక్కడని వెతుకుతారు?

ఇప్పుడు ఢిల్లీ సంగతి. విదేశీ వ్యవహారాలు, రాయబార సంబంధాలు రాజ్యాంగం ఏడో షెడ్యూలులో కేంద్ర జాబితాలో ఉన్నాయి. అందువల్ల ముఖ్యమంత్రి అయినా కలెక్టరైనా కేంద్రానికి లేఖ రాయగలరు తప్ప, మయన్మార్ ప్రభుత్వంతో నేరుగా మాట్లాడలేరు. ఆ లేఖలు వృథా అని మాత్రం అనుకోకండి. హైదరాబాద్ ప్రజాభవన్‌లో జరిగే ప్రవాసీ ప్రజావాణిలో అర్జీ ఇవ్వండి, మీ ఎంపీతో విదేశాంగ మంత్రికి రాయించండి. ఫైలు కదలడానికి ఇవన్నీ పనికొస్తాయి.

విదేశాంగ శాఖ "మాట్లాడుతున్నాం" అంటే అది ప్రభుత్వ విధానాన్ని చెప్పే ప్రకటన. దాన్ని చూపించి మీరు కోర్టులో హక్కు అడగలేరు. అలాగని వట్టి మాటా కాదు. మ్యావడీ సంగతి తెలిస్తే ఆ మాట వెనకున్న చిక్కు అర్థమవుతుంది. 2021లో సైన్యం అధికారం లాక్కున్నాక మయన్మార్‌లో చాలా ప్రాంతాలు సాయుధ గుంపుల చేతుల్లోకి పోయాయి. మ్యావడీ చుట్టూ ఈ మోసాల శిబిరాలున్న చోట పెత్తనం ఒక సరిహద్దు మిలీషియాది. మన ఎంబసీ ఉన్నది యాంగాన్‌లో. అక్కడి ప్రభుత్వానికి లేఖ ఇచ్చినా, ఆ శిబిరం గేటు తెరిపించే శక్తి ఆ ప్రభుత్వానికి పూర్తిగా లేదు. అందుకే మన ప్రభుత్వం మోయి నదికి ఇవతల ఉన్న థాయిలాండ్ ద్వారా పని చేస్తోంది.

అది ఫలించిన సందర్భాలు ఉన్నాయి. 2025 ఫిబ్రవరిలో థాయిలాండ్ ఆ శిబిరాలున్న పట్టణాలకు కరెంటు, ఇంటర్నెట్, డీజిల్ ఆపేసింది. చైనా ఒత్తిడి కూడా తోడై, మిలీషియా వేల మందిని బయటికి వదిలింది. ఆ మార్చిలో మన ప్రభుత్వం థాయిలాండ్ సరిహద్దు పట్టణం మే సోట్ నుంచి వాయుసేన విమానాల్లో రెండు రోజుల్లో 549 మందిని తీసుకొచ్చింది. అదే ఏడాది అక్టోబరులో మయన్మార్ సైన్యం కేకే పార్క్ అనే శిబిరం మీద పడ్డప్పుడు వందల మంది మనవాళ్లు నది దాటి మే సోట్ చేరారు. వాళ్లనూ నవంబరులో విమానాల్లోనే తెచ్చారు. మన ప్రభుత్వం బహిరంగంగా ఇంకా గట్టిగా మాట్లాడాలన్నది నా అభిప్రాయం. వేలమంది పిల్లలు బానిసత్వంలో ఉంటే అది భద్రతా సమస్యతో పాటు మానవ హక్కుల సమస్య కూడా. కానీ మయన్మార్‌తో మనకున్న సరిహద్దులో మన ఈశాన్య రాష్ట్రాల భద్రత కూడా ముడిపడి ఉంది కాబట్టి ఢిల్లీ ఆచితూచి మాట్లాడుతుంది. ఖతార్‌లో మన మాజీ నౌకాదళ అధికారులు, సిబ్బంది ఎనిమిది మందికి 2023 అక్టోబరులో మరణశిక్ష పడితే, ప్రభుత్వం ఒకసారి దిగ్భ్రాంతి తెలిపి, ఆ తర్వాత తెర వెనకే పని చేసింది. డిసెంబరులో శిక్ష తగ్గింది, 2024 ఫిబ్రవరిలో అందరూ విడుదలయ్యారు. బయటికి ఏమీ వినిపించకపోయినంత మాత్రాన లోపల ఏమీ జరగడం లేదని అనుకోకూడదు.

మీ తమ్ముడికి నేరుగా ఉపయోగపడే చట్టం ఒకటి ఉంది. 1963 నాటి వియన్నా కాన్సులర్ ఒప్పందం, ఆర్టికల్ 36. ఒక దేశపు పోలీసులు విదేశీయుణ్ని పట్టుకుంటే, నీ దేశపు కాన్సులేట్‌కు చెప్పుకునే హక్కు నీకుందని ఆలస్యం లేకుండా అతనికి చెప్పాలి. అతను అడిగితే కబురు పంపాలి. కాన్సులేట్ అధికారి వచ్చి కలవొచ్చు, వకీలును పెట్టించొచ్చు. పాకిస్తాన్‌లో మరణశిక్ష పడిన మన కులభూషణ్ జాదవ్ కేసులో 2019 జులై 17న అంతర్జాతీయ న్యాయస్థానం, పాకిస్తాన్ ఈ ఆర్టికల్‌ను ఉల్లంఘించిందని తీర్పిచ్చి, శిక్షను పునఃసమీక్షించమంది. కోర్టు ఆపడం వల్ల ఉరి ఆగింది. కానీ ఆయన ఇంటికి రాలేదు. అంతర్జాతీయ చట్టం బలమూ దాని హద్దూ రెండూ ఆ ఒక్క కేసులో కనిపిస్తాయి.

ఈ హక్కు ప్రభుత్వాల చేతిలో ఉన్నవాళ్లకే. ఈ రోజు మీ తమ్ముడు ఉన్నది ముఠా చేతిలో, వాళ్లకు వియన్నా ఒప్పందం పట్టదు. అయితే నది దాటి థాయ్ పోలీసులకో సైన్యానికో చిక్కిన నిమిషం నుంచి అది పని చేస్తుంది. అతను నోరు తెరిచి అడగాలి. ఈసారి ఫోన్ వస్తే, ముక్కలు ముక్కలుగా అయినా సరే, రెండు వాక్యాలు గుర్తుపెట్టుకోమనండి: "ఐ వాంట్ టు టాక్ టు ఇండియన్ ఎంబసీ." "ఐ వాజ్ ట్రాఫిక్డ్, దే ఫోర్స్‌డ్ మీ." అక్రమ రవాణా బాధితుడని థాయ్ అధికారులు గుర్తిస్తే దొంగచాటుగా చొరబడ్డవాడిలా చూడరు. తప్పించుకునే సాహసం చేయమని మాత్రం మీ నోటితో చెప్పకండి, దొరికితే ఏం చేస్తారో మనకు తెలియదు.

మీవైపు నుంచి ఇవాళే విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టి నంబరు తీసుకోండి. యాంగాన్, బ్యాంకాక్ ఎంబసీలు రెండింటికీ అదే నంబరుతో ఈమెయిల్ పంపండి. ప్రవాసీ భారతీయ సహాయ కేంద్రం టోల్‌ఫ్రీ 1800 11 3090. హైదరాబాద్‌లోనే విదేశాంగ శాఖ బ్రాంచ్ సెక్రటేరియట్ ఉంది, కాగితాలు పట్టుకొని స్వయంగా వెళ్లి స్టాంపు వేయించుకొని రండి.

ఇక హైకోర్టు. ఆర్టికల్ 226 కింద రిట్, అంటే ప్రభుత్వానికి ఆదేశం ఇమ్మని అడిగే పిటిషన్, వేయొచ్చు. "ఫలానా దేశంతో ఇలా మాట్లాడండి, ఫలానా తేదీకి తెచ్చివ్వండి" అని కోర్టు ఆదేశించదు. విదేశాంగ విధానం కార్యనిర్వాహక వర్గం పని అని మన కోర్టులు మొదటి నుంచీ అంటున్నాయి. యెమెన్‌లో మరణశిక్ష పడిన కేరళ నర్సు కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు ముందు కేంద్రం కూడా, ప్రభుత్వం వెళ్లగలిగే దూరానికి ఒక హద్దుందనే చెప్పింది. మరి రిట్‌తో వచ్చేదేమిటి? మీ అర్జీని ఇన్ని వారాల్లో పరిశీలించమని, ఏం చేశారో నివేదిక ఇమ్మని కోర్టు అడగగలదు. కేంద్రం తరఫు లాయరు ఢిల్లీ నుంచి సూచనలు తెప్పించుకోవాలి కాబట్టి ఎక్కడో అడుగున ఉన్న ఫైలు పైకొస్తుంది. ఫిర్యాదు నంబరు, ఎఫ్ఐఆర్, పోస్టు రసీదులు లేకుండా రిట్ వేస్తే "ముందు అధికారులను అడిగారా?" అన్న మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతారు.

దానికంటే ముందు సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మనిషి ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించిన సమాచారమైతే 48 గంటల్లో ఇవ్వాలని ఆ చట్టం 7వ సెక్షన్ చెప్తోంది. దరఖాస్తు మీద ఆ మాట పెద్దక్షరాల్లో రాయండి. రెండు దేశాల మధ్య నడిచిన లేఖల్లో ఏముందని అడిగితే విదేశీ సంబంధాల పేరుతో తిరస్కరిస్తారు. నా ఫిర్యాదు ఏ తేదీన, ఏ ఎంబసీకి పంపారు, ఏ అధికారి చూస్తున్నారు అని అడగండి. వీటికి జవాబు దాటేయడం కష్టం.

వచ్చాక అరెస్టు చేస్తారా అన్నారు. దిగగానే సీబీఐ, మన రాష్ట్ర పోలీసులు ప్రశ్నిస్తారు, అది తప్పదు, దానికి టెన్షన్ పడొద్దు. ప్రాణభయంతో బలవంతాన చేసిన పనికి న్యాయ సంహిత 32వ సెక్షన్ రక్షణ ఇస్తుంది. దాన్ని కోర్టులు ఇరుకుగా చదువుతాయి, అప్పటికప్పుడు చంపేస్తారన్న భయం ఉండాలంటాయి. అందుకే కొట్టిన గాయాల ఫొటోలు, బెదిరించిన మెసేజ్‌లు, డబ్బు అడిగిన వాయిస్ రికార్డులు ఒక్కటీ చెరిపేయకండి, ఫోన్ మార్చకండి. ఒక్క విషయం సూటిగా చెప్తాను. కమిషన్‌కు ఆశపడి ఇక్కడి నుంచి ఇంకెవరినైనా అక్కడికి రప్పించి ఉంటే మాత్రం ఏజెంటు పక్కన నిందితుడిగా నిలబడతాడు. అలాంటిదేమైనా ఉంటే నా దగ్గరో వేరే వకీలు దగ్గరో దాచకుండా చెప్పండి.

ఐదు లక్షలు కట్టాలా వద్దా అన్నది మీ కుటుంబం తేల్చుకోవాల్సింది, తల్లి మనసుకు చట్టం చెప్పేది తక్కువ. కట్టినా వదలకుండా ఇంకో శిబిరానికి అమ్మేసిన సంగతులు బయటికొచ్చిన వాళ్లు చెప్పారు. హవాలాలో పంపితే మీ మీదే కేసు వస్తుంది. ఏ అడుగు వేసినా ముందు దర్యాప్తు అధికారికి రాతపూర్వకంగా చెప్పండి.

వకీలు ఫీజుకు భయపడి ఆగొద్దు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా వకీలును పెడతారు. వరంగల్ కోర్టులోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయానికి ఆధార్, తమ్ముడి పాస్‌పోర్టు కాపీ, ఏజెంటుకు పంపిన డబ్బు రసీదులు తీసుకెళ్లండి. ఎఫ్ఐఆర్ కట్టకపోయినా సరే, ఫిర్యాదు పంపిన పోస్టు రసీదు ఉంటే చాలు, మేజిస్ట్రేట్ ముందు వేసే దరఖాస్తు వాళ్లే రాయించి ఇస్తారు.