‘ఈఎంఐ’ని ‘ఈ అమ్మాయి’ అనుకున్న బాబు

ప్రశ్న: మా బాబుకు నాలుగున్నరేళ్లు. ఆమధ్య వాళ్ల నాన్న ఫోన్లో ‘రేపు ఈఎంఐ కట్టాలి’ అంటుంటే, ‘ఈ అమ్మాయిని ఎందుకు కట్టేస్తావు నాన్నా?’ అని బిక్కమొహం వేశాడు. ఇంట్లో వ్రతమంటే రథం వస్తుందనుకుని పొద్దుటి నుంచీ గేటు దగ్గరే నిలబడ్డాడు. అందరం పడీపడీ నవ్వాం. వీడియో తీసి బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టాం. ఇప్పుడు ఇంటికొచ్చినవాళ్లంతా ‘ఏదీ, ఇంకోసారి చెప్పు’ అంటుంటే నా వెనక దాక్కుంటున్నాడు. మామగారు చెవుల డాక్టరుకు చూపించమంటున్నారు. ఏం చేయాలి?

సలహా: ముందు చెవి సంగతి. మీరు రాసినదాన్ని బట్టి బాబుకు బాగానే వినిపిస్తున్నట్టుంది. మాట్లాడేటప్పుడు మనం పదానికీ పదానికీ మధ్య ఖాళీ వదలం. ‘ఏం చేస్తున్నావు’ అన్నది ‘ఏంజేస్తున్నావ్’ అని ఒకే ముక్కగా వస్తుంది. చదవడం రాని పిల్లలు ఆ మోతకు దగ్గరగా తమకు తెలిసిన మాటను వెతుక్కుంటారు. బాబుకు ఈఎంఐ తెలియదు, ఈ అమ్మాయి తెలుసు. కట్టడమంటే తాడుతో కట్టడమే తెలుసు. కాబట్టి వాడి ప్రశ్న సబబైనదే, వాడి భయమూ నిజమైనదే.

వినికిడి తగ్గితే తప్పులు వేరేలా ఉంటాయి. రోజూ వినే మాటలే తప్పుగా వినిపిస్తాయి. స, శ, ఫ లాంటి మెత్తని ధ్వనులు జారిపోతాయి. ఇంట్లో ఒకసారి చూడండి: టీవీ, ఫ్యాను ఆపి, బంతి, చెప్పు, సబ్బు, గ్లాసు, పూసలు ముందు పెట్టండి. బాబు వెనక చేయి చాచినంత దూరంలో కూర్చుని, ఒక్కో పేరూ గుసగుసగా చెప్పి చూపించమనండి. ఒక్కో చెవినీ మూసి విడివిడిగా చేయండి. సగం తప్పినా, జలుబు తగ్గాక మాటిమాటికీ ‘ఆఁ?’ అంటున్నా, టీవీ సౌండు పెంచుతున్నా, చెవి కారుతున్నా ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి. కర్ణభేరి వెనక నీరు చేరిందేమో చూసే పరీక్ష నొప్పి లేకుండా కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. ఆ నీరు చాలామంది పిల్లల్లో మూడు నెలల్లోపు తనంతట తనే తగ్గుతుంది. చెవిలో వేడినూనె మాత్రం పోయకండి. అన్నీ సరిగా ఉన్నా మామగారి మనసు కుదుటపడటానికి ఒకసారి చూపిస్తే నష్టమేమీ లేదు.

నాకు ఎక్కువ దిగులుగా ఉన్నది దాక్కోవడం గురించి. పదిమందీ నవ్వారని బాబుకు తెలుసు, ఎందుకు నవ్వారో తెలియదు. గ్రూపులోంచి ఆ వీడియో తీసేయండి. ఎవరైనా మళ్లీ చెప్పమంటే బాబును ముందుకు నెట్టకుండా ‘ఇప్పుడు ఆడుకుంటున్నాడు పెద్దనాన్నా’ అని మీరే మాట మార్చండి. వాళ్ల నాన్న ఈ రాత్రే పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాలి: ‘ఇల్లు కొనడానికి బ్యాంకు డబ్బులిచ్చింది. నెలనెలా కొంచెం తిరిగిస్తాం. దాన్నే కట్టడం అంటాం. ఎవర్నీ తాడుతో కట్టేయరు.’

ఇకమీదట ఇలాంటిది విన్నప్పుడు ముందు జవాబివ్వండి. బాబు నవ్వితే అప్పుడు కలిసి నవ్వండి. ‘అలా కాదు, సరిగా చెప్పు’ అనకండి. ‘అవును, వ్రతానికి పీట వేశాం, వ్రతంలో కథ వింటాం’ అని మీ మాటల్లోనే రెండుసార్లు వినిపిస్తే చాలు. బాబు ముద్దుమాటలు దాచుకోవాలనిపిస్తే తేదీ వేసి నోటుబుక్కులో రాసుకోండి.

నెల దాటినా కొత్తవాళ్ల ముందు, బడిలో నోరు విప్పకపోతే పిల్లల సైకాలజిస్టును కలవండి. వెళ్లేముందు ఎక్కడ మాట్లాడుతున్నాడో, ఎక్కడ మానేస్తున్నాడో వారం పాటు రాసిపెట్టుకుంటే వారికి పని సులువవుతుంది.