విమానాశ్రయంలోకి కెమెరాతో వెళ్లే ముందు మీ చానల్ చేత సంతకం పెట్టించుకోండి

కడప నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది: "టీవీ చానల్‌కు కంట్రిబ్యూటర్‌గా పనిచేస్తున్నాను. విమానాశ్రయంలో వార్త చిత్రీకరించడానికి నిబంధనలు ఏమిటి? సినిమా వాళ్లను రన్‌వే దాకా పంపుతారు, మనల్ని మాత్రం గేటు దగ్గరే ఎందుకు ఆపుతారు?"

తమ్ముడూ, నేను కర్నూలులో పదిహేడేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. 2021 మార్చి 25న ఓర్వకల్లులో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరుతో విమానాశ్రయం ప్రారంభమైంది. మూడు రోజుల తర్వాత బెంగళూరు, విశాఖపట్నం, చెన్నైలకు విమానాలు మొదలయ్యాయి. అప్పటి నుంచి నంద్యాల రోడ్డులో ఆ మలుపు దగ్గర నేను ఎన్ని పూటలు ఎండలో నిలబడ్డానో లెక్క లేదు. గేటు దగ్గర ఆపేవారి మీద నాకు కోపం ఎప్పుడో పోయింది. ఆ కోపం ఇప్పుడు ఎవరి మీద ఉందో చెప్పాలంటే ఒక ఉదయం గురించి చెప్పాలి.

అది ఆషాఢ మాసం. ఓర్వకల్లు రాళ్ల మధ్య నుంచి వీచే గాలి ఆ నెలలో మనిషిని నిలకడగా నిలబడనివ్వదు. ఉదయం ఆరు గంటలకు నేను అప్పట్లో పనిచేస్తున్న చానల్ డెస్కు నుంచి ఫోను వచ్చింది. ఒక నాయకుడు పార్టీ మారుతున్నాడని రాత్రి నుంచి ప్రచారం జరుగుతోంది, ఆయన బెంగళూరు విమానం ఎక్కబోతున్నాడు, ఎక్కేలోగా ఆయన చేత రెండు మాటలు మాట్లాడించాలి. "బయట ఆయన ఆగడు. టికెట్ కొనుక్కుని లోపలికి వెళ్లండి. డబ్బులు తర్వాత పంపిస్తాం" అన్నారు. ఆ డబ్బులు ఈ రోజు వరకు రాలేదు.

నాకు ఆ వారమంతా మోకాలి నొప్పి. నా దగ్గర కెమెరా పని నేర్చుకుంటున్న కుర్రాడిని పంపాను. ఆదోని వాడు, ఇరవై రెండేళ్లు, అంతవరకు విమానం ఎక్కలేదు. నా కార్డుతో టికెట్ కొని, నా బండి మీదే తీసుకుని వెళ్లి దింపాను. కొత్త చొక్కా వేసుకుని వచ్చాడు. పని అయిపోతే బెంగళూరులో చిన్నాన్న ఇంటికి వెళ్లి రాత్రి బస్సుకు తిరిగి వస్తానన్నాడు. నేను కార్లు నిలిపే చోట చెట్టు నీడలో కూర్చున్నాను.

లోపల జరిగింది తర్వాత వాడు చెప్పగా, అక్కడి అధికారి చెప్పగా విన్నాను. భద్రతా తనిఖీలో ఎవరూ అడ్డు చెప్పలేదు. చిన్న కెమెరా, మైకు ఒక ప్రయాణికుడి సామానులో ఉంటే తప్పేమీ లేదు. చానల్ లోగో సంచిలో అడుగున ఉంది. మా విమానాశ్రయంలో టెర్మినల్ నుంచి నేరుగా విమానంలోకి వెళ్లే వంతెన లేదు, బయటికి వచ్చి ఏటీఆర్ అనే చిన్న విమానం మెట్లు ఎక్కాలి. తలుపు దాటగానే మావాడు సంచి తెరిచి, మైకుకు లోగో తగిలించి, ప్రయాణికులు నడవడానికి గీసిన గీతలు దాటి నాయకుడి ముందుకు పరుగెత్తాడు. ఆయన చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. అదే క్షణంలో గాలి విసురుకు మైకు మీది స్పాంజి తొడుగు ఊడి కొట్టుకుపోయింది.

తొడుగు వెనక మావాడు, మావాడి వెనక ఇద్దరు సిబ్బంది. అది రెక్క కిందికి దొర్లి చక్రాల వైపు వెళ్లింది. అందరూ కేకలు. ప్రయాణికులను ఉన్నచోటే ఆపేశారు. తొడుగు దొరికినా వదలలేదు. లోగో బిగించే స్క్రూ ఏమైనా పడిందేమోనని నేలంతా వంగి వెతికారు. విమానం పావుగంట ఆలస్యంగా కదిలింది, మావాడు లేకుండా.

నన్ను లోపలికి పిలిచినప్పుడు మొదట నాకు కోపమే వచ్చింది. పిడికెడు స్పాంజికి ఇంత హడావుడి ఎందుకని అడిగాను. ఆ అధికారి నన్ను కూర్చోబెట్టి కాంకార్డ్ ప్రమాదం గురించి చెప్పాడు. 2000 జులై 25న పారిస్‌లో అంతకుముందు వెళ్లిన విమానం నుంచి ఒక లోహపు పట్టీ ఊడి రన్‌వే మీద పడింది. దాని పొడవు మూరెడు. కాంకార్డ్ టైరు దాని మీదుగా వెళ్లి పేలింది, టైరు ముక్క ఇంధనపు ట్యాంకు ఉన్న చోట తగిలింది, మంటలు లేచాయి. 113 మంది చనిపోయారు. "మీ మైకులో స్పాంజి ఒక్కటే ఉంటుందా? స్క్రూ ఉంటుంది, బ్యాటరీ ఉంటుంది, క్లిప్పు ఉంటుంది" అన్నాడు. నేను నోరు ఎత్తలేదు. పదిహేడేళ్ల నా పనిలో విమానాశ్రయం ఎలా పనిచేస్తుందో నాకు ఒక్కరూ చెప్పలేదు, నేనూ ఎవరినీ అడగలేదు.

ఆ తర్వాత జరిగినదే నేను మరచిపోలేనిది. అధికారి చానల్ కార్యాలయానికి ఫోను చేసి స్పీకర్ పెట్టాడు. "మీ మనిషి మా దగ్గర ఉన్నాడు" అన్నాడు. అవతల కాసేపు నిశ్శబ్దం. తర్వాత, "ఆ పేరుతో మా సంస్థలో ఎవరూ లేరండి" అన్నారు. నా పేరు చెబితే, "ఆయన కంట్రిబ్యూటర్, మా ఉద్యోగి కాడు" అన్నారు. ఉదయం ఆరు గంటలకు నాకు ఫోను చేసిన గొంతే అది.

కుర్రాడు గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. చేతిలో ఆ చానల్ లోగో అలాగే ఉంది. అధికారి వాడి చేతికి మంచినీళ్ల సీసా ఇచ్చి, "బాబూ, నిన్ను పంపినవాళ్లే నువ్వు ఎవరో తెలియదంటే నేను నిన్ను ఎవరని రాసుకోవాలి?" అని అడిగాడు. క్షమాపణ రాయించుకుని, తీసిన దృశ్యాలు మా ముందే తుడిపించి, మెమరీ కార్డు చేతికిచ్చి సాయంత్రం నాలుగింటికి పంపించారు. ఇంకా కఠినంగా వ్యవహరించే అవకాశం ఉన్నా ఆయన అంతటితో వదిలేశాడు. బండి మీద వెనక కూర్చుని హైవే మీద వాడు ఒకే మాట అడిగాడు: "అన్నా, మనం ఆ చానల్ వాళ్లం కాదా?"

ఇప్పుడు వాడు ఆదోనిలో పెళ్లి వీడియోలు తీస్తున్నాడు. మంచి చెయ్యి ఉన్నవాడు, వార్తల్లో ఉండవలసినవాడు.

ఇక నిబంధనల సంగతి. 1937 నాటి విమాన నియమాల్లో 13వ నియమం ఉంది. ప్రభుత్వ విమానాశ్రయంలో గానీ, ఎగురుతున్న విమానం నుంచి గానీ రాతపూర్వక అనుమతి లేకుండా ఫొటో తీయకూడదు. విమానంలో కూర్చున్న ప్రయాణికుడు కిటికీలోంచి తీసుకోవడానికి 2004లో డీజీసీఏ (పౌర విమానయాన డైరెక్టరేట్) సడలింపు ఇచ్చింది గానీ, విమాన పనికి అడ్డుపడే, గందరగోళం సృష్టించే చిత్రీకరణకు అది వర్తించదు. 2020 సెప్టెంబరులో ఒక సినీ నటి చండీగఢ్ నుంచి ముంబయి వెళుతున్న విమానంలో మన వృత్తివారే కెమెరాలతో మీదపడ్డారు. ఆ నెలలోనే డీజీసీఏ ఒక ఉత్తర్వు ఇచ్చింది: అలాంటి ఉల్లంఘన జరిగితే ఆ మార్గంలో ఆ విమానాన్ని మరుసటి రోజు నుంచి రెండు వారాలు ఆపేస్తామని. అది ముంబయికి పెద్ద లెక్క కాకపోవచ్చు. మా కర్నూలుకు, మీ కడపకు ఉన్నవే వేళ్ల మీద లెక్కపెట్టగల విమానాలు. ఒక బైట్ కోసం, అంటే నాయకుడి రెండు మాటల కోసం, జిల్లా మొత్తానికి రెండు వారాలు ఆ విమానం లేకుండా చేసే హక్కు నాకు ఎవరిచ్చారు? ఆ కోణంలో ఆలోచించినప్పుడు ఆ రోజు నా ఒళ్లు జలదరించింది.

ఇంకొక సంగతి. విశాఖ విమానాశ్రయం నౌకాదళానిది, ఐఎన్‌ఎస్ డేగా. రక్షణ శాఖ విమానాశ్రయాల్లో ఫొటోలు, వీడియోలు నిషేధమని 2025 మేలో డీజీసీఏ మళ్లీ గట్టిగా గుర్తుచేసింది. ఓర్వకల్లులో ఎక్కినప్పుడు ఎవరూ ఏమీ అనలేదని విశాఖలో దిగేటప్పుడు ఫోను పైకెత్తకండి.

అనుమతి ఎవరిని అడగాలన్నది మీ ఊరికీ మా ఊరికీ వేరు. కడపను భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థ నడుపుతోంది కాబట్టి అక్కడి విమానాశ్రయ డైరెక్టరుకు దరఖాస్తు ఇవ్వండి. ఓర్వకల్లును రాష్ట్ర ప్రభుత్వ విమానాశ్రయాల అభివృద్ధి సంస్థ నడుపుతోంది. రెండు చోట్లా టెర్మినల్ దాటి లోపలికి వెళ్లే పాసు విషయం మాత్రం పౌర విమానయాన భద్రతా బ్యూరో నిబంధనల ప్రకారమే. డ్రోను సంగతి మరచిపోండి. 2021 డ్రోను నియమాల ప్రకారం విమానాశ్రయం ప్రహరీ నుంచి 8 కిలోమీటర్ల లోపల దాన్ని అడుగెత్తు లేపాలన్నా అనుమతి కావాలి. 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య అనుమతి లేకుండా 200 అడుగులు దాటకూడదు. ఓర్వకల్లు రాతి వనంలో పెళ్లి జంటల మీద డ్రోన్లు తిప్పేవారిని చూసినప్పుడల్లా నాకు గుండె దడగా ఉంటుంది. చెబితే నా మీదే విసుక్కుంటారు.

సినిమా వాళ్ల గురించి మీరు అనుకుంటున్నది సరికాదు. వాళ్లను రన్‌వే దాకా ఊరికే పంపరు. వారాల ముందు దరఖాస్తు, విమానాశ్రయంలో తీసే సన్నివేశం కాగితం మీద, యూనిట్‌లో ఒక్కొక్కరి పేరు, తెచ్చే లైట్ల దాకా సామాను జాబితా, రుసుము, ముందస్తు జమ, పక్కనే భద్రతా సిబ్బంది. ఇంత బాధ ఎందుకని చాలామంది రామోజీ ఫిల్మ్ సిటీలో ఉన్న విమానాశ్రయం సెట్టుకే వెళతారు. నేను ఒకసారి ఒక చిన్న సినిమా యూనిట్‌కు స్థానికంగా సాయం చేశాను. వాళ్లకూ మనకూ ఉన్న తేడా అప్పుడు తెలిసింది. ఆ దరఖాస్తు కింద నిర్మాణ సంస్థ సంతకం ఉంది. లైట్‌బాయ్ కాలు జారి ఏదైనా విరగ్గొడితే ఆ సంస్థ జవాబు చెబుతుంది. ఆ లైట్‌బాయ్ పేరు కూడా ఆ కాగితంలో ఉంది. మనకు ఆ కాగితం లేదు. లోగో ఇస్తారు, వాట్సాప్ గ్రూపులో చేరుస్తారు, పేరు అడిగితే తెలియదంటారు. జిల్లాలో మనలో ఎంతమందికి నియామక పత్రం ఉందో మీరే చుట్టూ చూడండి. నియామక పత్రం లేనివాడికి అక్రిడిటేషన్ కార్డు, అంటే విలేకరులకు ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డు, రావడం కష్టం. అక్రిడిటేషన్ లేనివాడిని ఎవరని నమ్మి పాసు ఇస్తారు?

అందుకే విమానాశ్రయాలు నిబంధనలు సడలించాలని నేను ఎప్పుడూ అడగను. రెండే అడుగుతాను. కెమెరా పట్టుకుని వచ్చినవాడిని ఎవరు పంపారో ఆ సంస్థ సంతకం లేకుండా ఎవరినీ లోపలికి రానివ్వకండి. సంతకం పెట్టక తప్పని రోజు చానళ్లు ఇలాంటి పనులు పురమాయించే ముందు ఒకసారి ఆలోచిస్తాయి. రెండోది, బయటికి వచ్చే దారి పక్కన విలేకరులకు పది అడుగుల నీడ, ఒక తాడు కట్టిన హద్దు. నాయకుడు అక్కడికి వచ్చి మాట్లాడితే మేము లోపలికి రావలసిన పనే ఉండదు. ఇప్పుడు ఆ చోటంతా గజమాలల వారిది, కార్ల వరసది, ఫోనుకు లోగో అంటించుకుని తోసుకువచ్చే వారిది. ఆ తోపులాటలో ఒకసారి నా భుజం మీది కెమెరా కింద పడి లెన్సు పగిలింది. దాని డబ్బులూ ఎవరూ ఇవ్వలేదు.

మీరు ప్రశ్న కింద ఇంకో వాక్యం రాశారు, వచ్చే వారం కడప విమానాశ్రయానికి టికెట్ కొనుక్కుని వెళ్లమన్నారని. వెళ్లకండి. ముందు మీ డెస్కును ఒక లేఖ అడగండి: మీ పేరు, మీతో వచ్చే కెమెరా మనిషి పేరు, తేదీ, సామాను వివరాలు, కింద సంస్థ ముద్ర, సంతకం. నేను వాడే నమూనా నా దగ్గర ఉంది, సందేశం పెడితే పంపిస్తాను. వాళ్లు ఇవ్వనంటే మీ కెమెరా కుర్రాడిని మాత్రం పంపకండి.