అల్లుడికి: బూస్టర్ మార్చే ముందు పైపు చూడు

చిరంజీవి అల్లుడికి, మావయ్య దీవెనలు.

అక్క ఫోన్ చేసింది. నువ్వు కొన్న పాత డీజిల్ కారుకి బ్రేకు పెడల్ బిగుసుకుపోయిందట, బలమంతా పెట్టి తొక్కితే గానీ బండి ఆగడం లేదట. అయినా రోజూ గుంటూరు నుంచి విజయవాడకి అందులోనే తిరుగుతున్నావట. ముందు అది మానెయ్. కాజ టోల్‌గేటు దగ్గర ముందు లారీ ఒక్కసారిగా ఆగితే నీ కాలి బలం చాలదు. బండి బాగయ్యేదాకా బస్సులో రా.

షెడ్డులో చూపిస్తే బూస్టర్, అంటే బ్రేకు తొక్కేటప్పుడు కాలికి తోడు బలమిచ్చే డబ్బా, మార్చాలన్నారట. నిజంగానే మార్చాల్సి రావచ్చు. కానీ పరీక్ష చెయ్యకుండా ఆ మాట అన్నవాళ్ల చేతికి బండి ఇవ్వకు. నా లెక్కలో ముందు చూడాల్సింది బూస్టర్‌కి వెళ్లే రబ్బరు పైపు.

పెడల్ తొక్కితే బ్రేకాయిల్‌ని చక్రాల వైపు తోసే మాస్టర్ సిలిండర్ వెనక గుండ్రంగా, నల్లగా ఉండేదే బూస్టర్. లోపల ఒక రబ్బరు డయాఫ్రం, అంటే పల్చటి పొర, ఉంటుంది. దానికి ముందువైపు గాలి లేకుండా వాక్యూమ్ లాగేస్తుంది. నువ్వు పెడల్ తొక్కగానే వెనకవైపు బయటి గాలి లోపలికొచ్చి డయాఫ్రంని ముందుకి నెడుతుంది. నీ కాలికి తోడయ్యే బలం అదే. పెట్రోల్ బండిలో ఈ వాక్యూమ్ ఇంజిన్‌లోకి గాలి వెళ్లే గొట్టం, అదే మానిఫోల్డ్, నుంచి వస్తుంది, డీజిల్‌లో దానికి వేరే పంపు ఉంటుంది. వాక్యూమ్ అందకపోతే పెడల్ గట్టిపడుతుంది. పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంటే అది గాలి చేరడమో ఆయిల్ లీకో, ఆ కథ వేరు.

బండి సమంగా ఉన్నచోట పెట్టి, న్యూట్రల్ చేసి, హ్యాండ్‌బ్రేకు లాగి, టైర్లకి ఇటుకలు అడ్డం పెట్టు. ఇంజిన్ ఆపేసి పెడల్‌ని ఐదారు సార్లు తొక్కు. గట్టిపడుతుంది, అది మామూలే. కాలు అలాగే నొక్కి ఉంచి స్టార్ట్ చెయ్యి. పెడల్ కాలి కింద కొంచెం దిగాలి. దిగితే బూస్టర్‌కి వాక్యూమ్ అందుతోందన్నమాట, అప్పుడు చక్రాల వైపు వెతకాలి. దిగకపోతే వాక్యూమ్ రావడం లేదు, లేదా బూస్టర్ పోయింది.

తర్వాత రెండు నిమిషాలు ఇంజిన్ నడిపి ఆపు. కాసేపాగి తొక్కు. మొదటిసారి మెత్తగా లోపలికి వెళ్లాలి, ఆపైన ఒక్కోసారికీ పైకి రావాలి. మొదటి తొక్కుకే గట్టిగా ఉంటే నిల్వ ఉండాల్సిన వాక్యూమ్ ఎక్కడో కారిపోతోంది. మూడోది, ఇంజిన్ నడుస్తుండగా పెడల్ నొక్కి పట్టుకుని ఇంజిన్ ఆపేసి, 30 సెకన్లు అలాగే ఉంచు. పెడల్ నీ కాలిని పైకి తోస్తే బూస్టర్‌లోనో పైపులోని వాల్వులోనో లీకు ఉన్నట్టే. తొక్కినప్పుడు కాళ్ల దగ్గర బుస్సుమని ఆగకుండా చప్పుడు వస్తే డయాఫ్రం చిరిగి ఉండొచ్చు.

ఇక పైపు. బూస్టర్ దగ్గర ఊడదీసి, ఇంజిన్ ఆన్‌లో ఉండగా చివర వేలు పెట్టి చూడు. వేలిని గట్టిగా లాగితే పంపూ పైపూ బాగున్నట్టు, బూస్టర్ మీద అనుమానం పెట్టుకోవచ్చు. లాగకపోతే పైపంతా తడిమి చూడు. క్లిప్పుల దగ్గర పగుళ్లు వస్తాయి. పైకి బాగానే కనబడి లోపల ఆయిల్‌కి ఉబ్బిన పైపులూ ఉంటాయి. కొబ్బరిబోండంలో పల్చటి స్ట్రా గట్టిగా పీలిస్తే గోడలు అతుక్కుపోతాయి చూడు, ఆ పైపులూ అంతే, ఇంజిన్ నడిచినప్పుడే మూసుకుపోతాయి. మామూలు నీళ్ల పైపు వేస్తే జరిగేదీ అదే, వాక్యూమ్‌కి తయారైన పైపే వేయించు. పైపులోని వన్‌వే వాల్వుని నోటితో ఊది చూడు. బూస్టర్ వైపు నుంచి ఊదితే గాలి పోవాలి, ఇంజిన్ వైపు నుంచి పోకూడదు.

కొన్ని పాత డీజిల్ బండ్లలో వాక్యూమ్ పంపు ఆల్టర్నేటర్ వెనకే ఉంటుంది. అలాంటి బండిలో బ్యాటరీ లైటు వెలిగి, పెడల్ కూడా గట్టిపడితే బెల్టు తెగిందేమో చూడు.

బూస్టరే పోయిందని తేలితే ఒక్క మాట గుర్తుంచుకో. మాస్టర్ సిలిండర్ విప్పినప్పుడు పక్కనే ఉండి దాని వెనకభాగం తడిగా ఉందేమో చూడు. తడి ఉంటే సీలు పోయి బ్రేకాయిల్ బూస్టర్‌లోకి కారి రబ్బరుని పాడుచేసి ఉంటుంది. ఒక్క బూస్టర్ మార్చి ఊరుకుంటే కొత్తదీ అలాగే పోతుంది, డబ్బులు రెండుసార్లు పెట్టాలి. కొత్తది బిగించేటప్పుడు బూస్టర్ నుంచి మాస్టర్ సిలిండర్‌ని నెట్టే కడ్డీ, అదే పుష్‌రాడ్, గ్యాప్ కూడా చూడమను. అది పొడుగైతే బ్రేకులు పట్టేసి ఉంటాయి.

వాక్యూమ్ బాగుండి కూడా బండి ఆగకపోతే చక్రాలు విప్పించాలి. బ్రేకు ప్యాడ్లని డిస్కుకి నొక్కే క్యాలిపర్ పిన్నులు బిగుసుకుపోయాయా, ప్యాడ్లు గాజులా మెరుస్తున్నాయా చూడు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు ఎన్నో కార్లు నీళ్లలో ఉన్నాయి. అలాంటి బండ్లలో పిన్నులకి బురద, తుప్పు పట్టే అవకాశం ఉంటుంది, బ్రేకాయిల్‌లోనూ నీళ్లు చేరొచ్చు. అమ్మినవాళ్లని నిలదీసి అడుగు. బ్రేకాయిల్ మూత మీద డాట్ 3, డాట్ 4 అని ఏ రకం రాసి ఉందో అదే పొయ్యాలి. ఇంజిన్ ఆయిల్ చుక్క పడినా రబ్బర్లన్నీ ఉబ్బిపోతాయి.

రోడ్డు మీద ఎప్పుడైనా పెడల్ ఇలా గట్టిపడితే టెన్షన్ పడి పెడల్ని ఆడించకు. బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్ ఒకటి రెండు తొక్కులకే అయిపోతుంది. ఒక్కసారే గట్టిగా తొక్కి పట్టుకో, గేరు తగ్గించు, హ్యాండ్‌బ్రేకు మెల్లగా లాగు. తాళం మాత్రం తియ్యకు, స్టీరింగ్ లాకవుతుంది.

మూడు పరీక్షలూ చేసి, ఏది ఎలా వచ్చిందో కాగితం మీద రాసుకుని ఆదివారం ఫోన్ చెయ్యి. పైపో వాల్వో అయితే అక్కడే మార్పించుకో. బూస్టర్ అయితే బండి నడుపుకుంటూ రాకు, టోయింగ్ బండి మీద ఎక్కించి ఆటోనగర్‌కి పంపు, నేను దగ్గరుండి చూసుకుంటాను.

ఇట్లు,
మీ మావయ్య